ఉమక్క ఆపేసిన ఆట

అట్టపెట్టె విప్పగానే వచ్చే కొత్త ప్లాస్టిక్ వాసన నాకిప్పుడు అలసట తెప్పిస్తుంది. బెంగళూరులో నేను పనిచేసే కంపెనీ టీవీకి తగిలించి ఆడుకునే కొత్త గేమ్ కన్సోల్ తయారుచేస్తోంది. దానికి ఆటలు రాయమని బయటి సంస్థలకు పరీక్ష యంత్రాలు పంపుతాం. ఈ ఉదయం ఒకదాన్ని విప్పి చూస్తుంటే ఉమక్క గుర్తొచ్చింది.

ఉమక్కది పరిగి దగ్గర రైతు కుటుంబం. ప్రోగ్రామర్‌గా కొన్నేళ్లు బెంగళూరులో చేసి, హిందూపురంలో బట్టల అంగడి పైనున్న రెండు గదుల్లో ఆటలు తయారుచేసే సంస్థ పెట్టింది. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో చేరమని మా నాయన పోరుతున్నా, నేను పెనుకొండ నుంచి రోజూ బస్సెక్కి ఆమె దగ్గరికే పనికి పోయేవాణ్ణి. నాతోపాటు ప్రోగ్రాములు రాసే గంగాధర్ ధర్మవరం నుంచి వచ్చేవాడు. వానల్లేని ఊళ్లో గొర్రెల మందను మేతకు తోలుకుపోయే ఆట మాది. ఫోన్లలో జనం బాగానే ఆడారు. అది చూసి ఒక విదేశీ కంపెనీ, తమ కొత్త కన్సోల్ విడుదలయ్యే రోజుకు ఈ ఆట కావాలని పరీక్ష యంత్రం పంపింది. గంగాధర్ దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని మెట్లెక్కాడు. ఉమక్క మాత్రం యంత్రం వేగం అడగలేదు. కొనేవాళ్లు ఎవరు, మేం ఎంత తిరగరాయాలి, చిక్కొస్తే ఎవరిని అడగాలి అని వాళ్లకు రాసింది. మొదటి రెండింటికే జవాబొచ్చింది.

వాళ్లు తమ సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడల్లా మా మంద తెర మీంచి మాయమయ్యేది. ఎందుకని అడిగితే, వారాల తర్వాత ‘పరిశీలిస్తున్నాం’ అని ఒక్క ముక్క. గంగాధర్ మళ్లీ మొదటినుంచి రాసేవాడు. ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం, క్యారియర్లు విప్పుతుండగా ఉమక్క ఇక ఆపేద్దామంది.

“ఎనిమిది నెలలు ఊరికే పాయనా అక్కా?” అన్నాడు గంగాధర్.

“పాయె. ఇంకో ఎనిమిది పోకుండా చూస్తాండా.”

అతను అన్నం ముట్టలేదు.

ఆ కన్సోల్ విడుదలై బాగా అమ్ముడుపోయింది. మాలాంటి చిన్న సంస్థలు కొన్ని దాంతో పైకొచ్చాయి. మాది రెండేళ్లకే మూతపడింది. గంగాధర్ ఉమక్కతో మాట్లాడటం మానేశాడు. గదులు ఖాళీ చేస్తున్న రోజు, తప్పు చేశామా అని ఆమెను అడిగాను.

“చేసినామేమోప్పా. కానీ పలికేవాళ్లు లేని తలుపు ముందర మిమ్మల్ని నిలబెట్టేది నాకు చేతకాలేదు” అంది.

అప్పుడు నాకు కోపమే వచ్చింది. ఇప్పుడు ఆ తలుపుకు ఇవతల కూర్చున్నది నేనే. ఇంత వేగమైన యంత్రానికి బయటివాళ్లు ఆటలెందుకు రాయడం లేదని మావాళ్లు మీటింగుల మీద మీటింగులు పెడతారు. ప్రచారం చాలదంటారు, ఇంకా రాయితీలివ్వాలంటారు.

ఈరోజు హుబ్బళ్లి నుంచి ఒక చిన్న సంస్థ, ఆటలో శబ్దాలు పలికించే మా సాఫ్ట్‌వేర్ ఎప్పుడిస్తారని అడిగింది. ‘త్వరలో’ అని రాయమని మా పైవాళ్ల మాట. ఈ ఏడాది రాదు, దాన్ని నమ్ముకుని పనివాళ్లను ఆపుకోకండి అని రాసి పంపాను. వాళ్లు మా కన్సోల్‌ను వదిలేస్తారేమో. పైవాళ్లు పిలిచి అడుగుతారు. అడగనీ.