జీతానికి టోపీ

ఆ రోజుల్లో నాకు మూడు భాషలు వచ్చని మా ఊళ్లో చెప్పుకునేవారు. వచ్చిన మాట నిజమే. ఇంగ్లీషు అమలాపురం కాలేజీలో రెండో ఏడాదిదాకా వచ్చి ఆగిపోయింది. హిందీ సినిమాహాలు దాటి బయటికి రాలేదు. అరబ్బీ మాత్రం కువైట్‌లో దిగాక యల్లా (పద), ఖలాస్ (అయిపోయింది) అనే రెండు మాటల మధ్య ఎక్కడో తిరుగుతూ ఉండేది. ఈ మూడూ కలిసి ఒకేసారి చెవిలో పడితే నాకు అర్థం కానిదంటూ ఉండేది కాదు. అర్థమైంది తప్పని తర్వాత తెలిసేది, అది వేరే సంగతి. అసలేమీ అర్థం కాకపోతే నోరు మూసుకుని నా పని నేను చూసుకునేవాణ్ణి. సగం అర్థం కావడంతోనే వచ్చింది చిక్కంతా.

రెండువేల తొమ్మిదో పదో సరిగ్గా గుర్తులేదు, మిష్రిఫ్‌లో ఒక మూడంతస్తుల విల్లాలో నేను డ్రైవర్ని. వంట చేసేది కడప జిల్లా పెద్దాయన. నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను గోదారోడా అనేవాడు. (నా అసలు పేరు ఆయనకి తెలుసో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.) ఇంట్లోవాళ్లు పిల్లల దగ్గర్నుంచి పెద్దలదాకా ఆయన్ని షాయిబ్ అనే పిలిచేవారు. అంటే అక్కడివాళ్ల మాటలో ముసలాయన అని. ఆయనకి కుడిమోకాలు నొప్పి. వంటగది కింద, తినేవాళ్లు పైన. పళ్లెం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఆ మోకాలు చేసే చప్పుడు నాకు గ్యారేజీలోకి వినిపించేదని నేను హాస్యమాడేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కూడాను.

సరిగ్గా ఈ కథ జరిగిన నెలలోనే నేను జీతం పెంచమని అడిగాను. ఇంటి యజమానురాలిని మేమందరం మామా, అంటే అమ్మా, అనేవాళ్లం. ఆవిడ విని, "చూద్దాం, ఇన్షాల్లా" అంది. ఇన్షాల్లా అంటే అవునో కాదో తేల్చుకోవడానికే నాకు వారం పట్టింది.

ఆ ఇంటి పెద్దకొడుకుని మేము చాటున చిన్న కఫీల్, అంటే చిన్న యజమాని, అనుకునేవాళ్లం. కెనడాలో చదువుకుని వచ్చాడు. చదువు సంగతి నాకు తెలియదుగానీ, అక్కణ్ణుంచి ఏదో ఒక పిచ్చి మాత్రం పట్టుకొచ్చాడు. సాయంత్రాలు పై అంతస్తులో నలుగురు స్నేహితులతో కూర్చుని గొంతులు బొంగురుపోయేలా వాదించుకునేవాడు. వాళ్లకి చాయ్ మోసే పని బాబాయ్‌ది. మోకాలు చూసి ఆ పని నేను తీసుకున్నాను. (జాలితోనే అని చెప్పుకోవాలని ఉంది. ఆ గదిలో ఏసీ చాలా చల్లగా ఉండేదని కూడా చెప్పడం న్యాయం.)

మొదటి రోజు నేను ట్రే పట్టుకుని వెళ్లేసరికి చిన్న కఫీల్ తల పట్టుకుని కూర్చున్నాడు. "శాలరీ క్యాప్ నిండిపోయింది. ఇక ఒక్కడికి కూడా పైసా పెంచడానికి లేదు" అంటున్నాడు. శాలరీ అంటే జీతం, క్యాప్ అంటే టోపీ. జీతానికి టోపీ. మన తెలుగువాళ్లకి ఇది ఇంకొకళ్లు విడమరిచి చెప్పాలా? టోపీ పెట్టడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఈ ఉద్యోగం ఇప్పించిన ఏజెంటు నాకు పెట్టినదే అది. జీతం పెంచమని నేను నోరు తెరిచిన వారానికే ఇంట్లో టోపీ తయారైందన్నమాట. గ్లాసులు పెడుతూ చెవులు రిక్కించాను.

కళ్లజోడు పెట్టుకున్న స్నేహితుడు అన్నాడు, "అంతా ఆ షాయిబ్ వల్లే. ఎవడు చెప్పాడు నీకు అంత ముసలాడితో ఎనిమిదేళ్లకి కాంట్రాక్ట్ రాయమని? ఇంకా ఆరేళ్లుంది. మోకాలు పోయింది. నడక మందగించింది. ఇప్పుడు ఇంకొకడెవడూ వాణ్ణి తీసుకోడు."

చిన్న కఫీల్ దిగులుగా, "నాకు ఆ కుర్రాడు కావాలి. వాడి కాళ్లలో వేగం చూశావా? వాడు జీతం పెంచమంటున్నాడు. షాయిబ్‌ని వదిలించుకుంటే తప్ప వాడికి ఇవ్వడం కుదరదు" అన్నాడు.

షాయిబ్ ఎవరో తెలుసు. జీతం పెంచమన్న కుర్రాడెవరో ఇంకా బాగా తెలుసు. (కాళ్లలో వేగం అన్నందుకు లోపల ఒక్క క్షణం పొంగిపోయాను. అంత దిగులులోనూ మనిషి బుద్ధి పోదు.) నేను అడిగిన పెంపు తిరిగి తిరిగి ఆ పెద్దాయన మెడకి చుట్టుకుందని మాత్రం తేలిపోయింది.

మర్నాడు ఇంకా ఘోరం విన్నాను. కళ్లజోడు స్నేహితుడు ఉపాయం చెబుతున్నాడు. "షాయిబ్‌ని ఫార్మ్‌కి పంపించెయ్. అక్కడ పాతేస్తే ఆ జీతం లెక్కలోంచి మాయమైపోతుంది. అందరూ చేసేది అదే." ఇంకొకడు అడ్డం వచ్చాడు. "కుదరదు. సంతకం పెట్టేనాటికే వాడు ముసలాడు. అలాంటివాణ్ణి పాతినా జీతం లెక్కలోనే ఉంటుంది."

ఫార్మ్ అంటే నాకు ఒక్కటే తెలుసు. వీళ్లకి కబ్ద్‌లో, ఎడారి మధ్యలో, గొర్రెలతో ఒక మజ్రా, అంటే పశువుల దొడ్డి, ఉంది. ఇళ్లలో పనిచేసేవాళ్లని బెదిరించాలంటే కబ్ద్ పేరు చెబితే చాలు. అక్కడికి పంపడం ఒక ఎత్తు. పాతెయ్యడమేమిటి? పైగా పాతాక కూడా జీతం ఇస్తారట. ఇదెక్కడి న్యాయమో నాకు బోధపడలేదు.

పొద్దున్నే వంటగదిలోకి వెళ్లి బాబాయ్‌కి అంతా చెప్పేశాను.

"ఏంరా గోదారోడా, సరిగ్గా ఇన్యావా?" అన్నాడాయన, ఉల్లిపాయలు తరుగుతూనే.

"ఆయ్, నా చెవుల్తోనే విన్నానండి. జీతాలకి టోపీ పెడుతున్నారండి. మీ మోకాలు సంగతి కూడా వచ్చిందండి."

"టోపీ పెడితే పెట్టనీలే, మనకేం కొత్తనా. పూడ్సిపెడతామన్యారా?"

"పాతేద్దామన్నారండి. ఇంకొకాయన కుదరదన్నాడు."

"ఆయప్ప ఎవురో మంచోడు మాదిరుండాడే" అన్నాడు బాబాయ్. ఉల్లిపాయ పక్కన పెట్టి, "యెనిమిదేండ్లకు కాయితం నేనెప్పుడు రాసిచ్చినాన్రా? నాది రెండేండ్లకొకసారి మార్సే ఇఖామా కార్డు గదా" అన్నాడు.

సరైన ప్రశ్న. అక్కడే నేను ఆగి ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. కానీ నేను, "మనకి తెలియకుండా వాళ్లే రాసుకున్నారేమోనండి" అని సర్ది చెప్పాను. నా తెలివి అంత చురుగ్గా ఉండేది.

ఆ రోజు నుంచి బాబాయ్ మెట్లు పరుగెత్తుతూ ఎక్కడం మొదలుపెట్టాడు. చాయ్ ట్రే నా చేతిలోంచి లాక్కుని, పళ్లు బిగబట్టి, చిన్న కఫీల్ ముందు మాత్రం కుంటకుండా నడిచి, గుమ్మం దాటగానే గోడ పట్టుకుని నిలబడేవాడు. ముఖమంతా చెమట. చూడలేకపోయాను. నా పెంపు నేనే వద్దనుకుంటే సరి, ఈ గొడవ అక్కడితో పోతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా అనుకోవడానికి నాకు చాలా బాధేసింది. ఆ పెంపు మీద ఊళ్లో ఒక మోటార్‌సైకిలు కలలో అప్పటికే కొనేశాను.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే చిన్న కఫీల్‌ని సబా అల్ సలేంలో స్నేహితుడి ఇంటికి తీసుకెళుతున్నాను. దారిలో ధైర్యం కూడగట్టుకుని నా ఇంగ్లీషు తీశాను.

"సార్, షాయిబ్ గుడ్ మ్యాన్ సార్. నో ఫార్మ్ సార్. ప్లీజ్."

ఆయన ఫోన్ చూస్తున్నవాడల్లా తలెత్తాడు. "షాయిబ్ సంగతి నీకెలా తెలుసు?"

"రోజూ చూస్తాను సార్."

"రోజూనా? ఎక్కడ చూస్తావు?"

"వంటగదిలో సార్."

వంటగదిలో టీవీ ఉన్నట్టు తనకి తెలియదన్నాడు. నాకూ తెలియదు. అది వదిలేసి, ఆయన ముందు సీటుకేసి వంగి చాలా గంభీరంగా అడిగాడు. "సరే, నువ్వు చెప్పు. మోకాలు సంగతేమిటి?"

"నూనె రాస్తున్నాం సార్. చలికాలమొస్తే కొంచెం ఇబ్బంది, అంతే సార్."

"చలికాలంలోనేగా అసలు పని" అన్నాడాయన బాధగా. "ఇంకా ఆరేళ్లుంది. ఆరేళ్లు లాగుతాడంటావా?"

"లాగుతాడు సార్. ఎక్కడికి పోతాడు సార్?"

"షాయిబ్‌ని ఉంచితే ఆ కుర్రాణ్ణి వదులుకోవాలి మరి."

"వదులుకోండి సార్. కుర్రాడికి పెంపు వద్దు సార్. నా నోటితో నేనే చెబుతున్నాను."

"నీకు చాలా ధైర్యం. ఆ కుర్రాడి కోసం కెనడా అంతా ఎదురుచూస్తోంది, తెలుసా?"

కారు పక్క లైనులోకి పోయింది. నేను కెనడాకి అర్జీ పెట్టినట్టు నాకు గుర్తులేదు. "నన్ను కెనడాలో ఎవరడిగారు సార్?" అన్నాను.

చిన్న కఫీల్ నా వంక చూశాడు. నేను అద్దంలో ఆయన వంక చూశాను. తర్వాత కారు పక్కన ఆపించాడు. అసలు విషయం ఆయనకి తెలియడానికి కాస్త సమయం పట్టింది. తెలిశాక నవ్వు ఆపుకోవడానికి ఇంకా ఎక్కువ పట్టింది. ఎండలో, రోడ్డు పక్కన, ఆ పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటూ నాకు చెప్పిన పాఠం ఇది. అక్కడ మంచు మీద హాకీ ఆడతారు. (మంచు మీద నిలబడ్డమే కష్టం కదా అంటే, అది తర్వాత చెబుతానన్నాడు. చెప్పలేదు.) ఏ జట్టైనా ఆటగాళ్లందరికీ కలిపి ఇచ్చే జీతాలు ఒక గీత దాటకూడదు, ఆ గీతే క్యాప్. పేరున్న ఆటగాడికి ఇవ్వాల్సింది చాలా ఏళ్ల మీద పరిచి కాంట్రాక్ట్ రాస్తే ఏడాదికి పడే వాటా చిన్నగా కనిపిస్తుంది, మనం వాయిదాల మీద ఫ్రిజ్ కొన్నట్టు. ఫ్రిజ్ పాడైనా వాయిదాలు మాత్రం ఆగవు. అప్పుడు ఆ ఆటగాణ్ణి చిన్న జట్టుకి తోసేస్తారు, ఆ చిన్న జట్టునే ఫార్మ్ అంటారు, అలా తోసెయ్యడమే పాతెయ్యడం. సంతకం నాటికే ముసలివాడైతే మాత్రం పాతినా వాడి జీతం లెక్కలోంచి పోదు. ఈ స్నేహితులందరూ తలా ఒక జట్టుకి యజమానులైనట్టు ఊహించుకుని ఆడుకుంటున్నారు. వాళ్ల షాయిబ్ ఒక నెరిసిన గడ్డం ఆటగాడు, జీతం పెంచమన్న కుర్రాడు ఇంకో ఆటగాడు, నేను కాదు.

"అంటే అందరూ ఉత్తుత్తి యజమానులా సార్?" అని అడిగాను.

"ఉత్తుత్తే. కానీ ఓడిపోతే నిజంగానే ఏడుస్తాం" అన్నాడు.

మధ్యాహ్నం ఇంటికి రాగానే వంటగదిలోకి పరుగెత్తాను. పొయ్యి దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. బాబాయ్ లేడు, ఆయన పెట్టె కూడా లేదు. మామా దగ్గరికి వెళ్లి అడిగితే ఆవిడ నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది. మేము కారు తీసి వెళ్లిన వెంటనే షాయిబ్ ఆవిడ దగ్గరికి వచ్చాడట. తానే కబ్ద్ పోతానని, డ్రైవర్ కుర్రాడికి జీతం పెంచమని అడిగాడట. మజ్రాలో వంటకి మనిషి కావాలని ఆవిడా వెతుకుతోందట. అడక్కుండానే దొరికాడని సంతోషించి, తన భర్త బండిలో పంపేసింది. నా పెంపుకి కూడా ఒప్పుకుంది.

నేను తప్పు జరిగిందని చెప్పబోయాను. నా అరబ్బీలో అది, "మామా, షాయిబ్ ఈ ఇంట్లో లేడు, టీవీలో ఉన్నాడు, మంచు మీద ఉన్నాడు" అని బయటికొచ్చింది. ఆవిడ నన్ను కాసేపు జాలిగా చూసి, ఎండలో తిరగొద్దని చెప్పి మంచినీళ్లు ఇప్పించింది.

ఆ శుక్రవారం చిన్న కఫీల్ అనుమతి తీసుకుని బాబాయ్‌ని వెనక్కి తెచ్చేద్దామని కబ్ద్ వెళ్లాను. దారంతా ఏడుపు ముఖమే. నా కోసం ఎడారికి పోయిన మనిషి ముందు ఎలా నిలబడాలో తెలియలేదు. మజ్రాలో బాబాయ్ నులకమంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని గోంగూర ఆకు తుంచుతున్నాడు. విత్తనాలు ఇదివరకెప్పుడో తను ఊరి నుంచి తెచ్చి మజ్రా కాపరికి ఇచ్చినవట. నేను మొత్తం చెప్పాను. మంచు, జట్లు, గీత, ఫార్మ్, అన్నీ. ఆయన ఆకు తుంచడం ఆపకుండా విన్నాడు.

"నా వల్లే ఇదంతా అయిందండి. మోకాలితో మీరెందుకు ఒప్పుకున్నారండి? రండి, పోదాం" అన్నాను.

"యాడికి రా? ఈడ మెట్లు లెవ్వు" అన్నాడు. "నిన్న మోకాలు సంగతి యాదికే రాల్యా. మా ఊరి గాలి మాదిరుండాది. నువ్వు సక్కగ పోయి మీ పని సూసుకో."

ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, రెంటిలో ఏదీ సరిగ్గా బయటికి రాలేదు. ఆకు పళ్లెం నా ముందుకి జరిపితే నేనూ తుంచుతూ కూర్చున్నాను. ఆకు సగం అయ్యాక ఆయనే అన్నాడు.

"అయితే ఆ ముసిలాయప్పను ఏం జేసినార్రా? ఆ గడ్డమాయన్ను. పంపించేసినారా?"

"లేదండి. నేను కార్లో అన్న మాట విని ఉంచుకున్నారండి."

"మంచి పని జేసినారు" అన్నాడు బాబాయ్. "యెనిమిదేండ్లకని సంతకం బెట్టించుకున్యాక ఉంచుకోవాల గదా. మోకాలు పోతాదని అప్పుడు తెల్దా వాళ్లకు?"

చిన్న కఫీల్ జట్టు ఆ ఏడు అందరికన్నా అడుగున నిలిచింది. ఆ కుర్రాణ్ణి తీసుకున్న కళ్లజోడు స్నేహితుడు గెలిచాడు. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ చిన్న కఫీల్ నన్ను స్నేహితులకి "మా సలహాదారు" అని పరిచయం చేసి మరీ నవ్వించేవాడు. నేనూ వాళ్లతోపాటు నవ్వేవాణ్ణి. ఆ ఆటలో గోల్ ఎటు వేస్తారో మాత్రం చివరిదాకా నాకు తెలియలేదు.

ఇప్పుడు అమలాపురంలో మా ఇంట్లో టీవీలో ఏ ఆట వచ్చినా పిల్లలు కుర్రాళ్లని చూసి చప్పట్లు కొడుతుంటారు. నేను మాత్రం జట్టులో అందరికన్నా పెద్దవాడెవరా, వాణ్ణి ఆడిస్తున్నారా లేదా అని వెతుక్కుంటూ ఉంటాను. ఎవడైనా గడ్డం నెరిసినవాడు మైదానంలోకి దిగితే చాలు, వాణ్ణి ఉంచుకున్నారన్న తృప్తితో స్కోరు ఎంతో చూడకుండానే లేచి వెళ్లిపోతాను. మా ఆవిడ నన్ను చూసి నవ్వుతుంది. నవ్వనీ.