మా ఆయన చెవీ, స్క్రూడ్రైవరూ

మా ఆయన దేన్నయినా చెవితో చూస్తారు. కళ్లు లేక కాదు. కూరలో పడ్డ వెంట్రుక వీధి గుమ్మంలోంచే కనిపెట్టే కళ్లు ఆయనవి. కానీ వస్తువు కొనాలంటే మాత్రం జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటారు. మా ఇంట్లో మిక్సీ, కుట్టుమిషను, నీళ్ల మోటారు అన్నీ అలా విని కొన్నవే. ఒకసారి తాడేపల్లిగూడెం మార్కెట్లో పుచ్చకాయకి కూడా ఆనించారు. "అది తిరగదండీ బాబూ" అన్నాడు కొట్టువాడు.

పెళ్లిచూపులనాడు నేను కీర్తన పాడాను. బాగుందని అందరూ అన్నారు. ఈయన మాత్రం పైకి చూసి, "మీ ఫ్యాను బేరింగు పోయిందండీ, మార్పించండి" అన్నారు. మా నాన్న బేరింగు మార్పించి, పనిమంతుడని మెచ్చుకుని, నన్నిచ్చేశారు. నలభై నాలుగేళ్లయింది. ఊళ్లో మోటార్లు ఏం చెప్పినా ఈయన విన్నారు. ఈ జీవరత్నం మాట, అంటే నా మాట, విన్న పాపాన పోలేదు.

మాది ఇనుము తిప్పి చెక్కే లేతు మిషన్ల షెడ్డు. ఆకివీడు చేపల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లకి షాఫ్టులు, పెదవేగి పామాయిలు మిల్లులకి ఉక్కు భాగాలు చేస్తారు. ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒక్కటే గోడ. ఆ రొదలో నాకు పగటి నిద్ర అనేది తెలియదు. రెండింటికి షెడ్డువాళ్లు అన్నాలకి ఆగినప్పుడు కాసేపు కళ్లు మూసుకుంటాను, అంతే.

మా అమ్మాయి అఖిల డిప్లొమా చదివి షెడ్డులోనే పనికి దిగింది. "లేతులతో ఇంకెన్నాళ్లు నాన్నా, సీఎన్‌సీ మిషను కొందాం, పాతదైనా సరే" అంది. బొమ్మ గీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తే ఆ మిషను దానంతటదే ఉక్కు కోసేస్తుందట. కొత్తది మనకి అందదు. పాతదానికే గణపవరంలో మా పుట్టింటివాళ్లు ఇచ్చిన అరెకరం అమ్మాల్సి వచ్చింది. సంతకం నేనే పెట్టాను. నాలుగో తరగతిలో నేర్చిన సంతకమే అయినా గుండ్రంగా ఉంటుంది.

ఆ సంతకంతో నా ఇంట్లోకి నేనే సవతిని పిలుచుకున్నానని తర్వాత తెలిసింది. ప్రతి గురువారం ఈయన తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఏలూరు శివారులో పాత మిషన్లు అమ్మే ఈశ్వరప్రసాద్ గోడౌనుకి బయల్దేరేవారు. నన్ను సినిమాకి తీసుకెళ్లిన రోజున కూడా ఆ చొక్కాకి ఇస్త్రీ లేదు. తిరిగొచ్చి అన్నం ముందు కూర్చుని వర్ణన మొదలుపెట్టేవారు.

"ఇవాళ ఒకదాన్ని చూశానే. స్పిండిల్ తిరుగుతుంటే ఎంత నున్నగా ఉందో."

"అయితే పులుసు దాన్నే పొయ్యమనండి."

నాలుగు గురువారాలకి నాలుగు మిషన్లు చూశారు. నాలుగూ వద్దన్నారు.

"ఏం రోగం వాటికి?"

"మోత ఎక్కువే."

"మోత చేయక కీర్తన పాడుతుందా? పాడినా మీరు వినరుగా."

ఐదో గురువారం నేనూ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"నువ్వెందుకే, బస్సులో నడుం పట్టేస్తుంది."

"అరెకరం నాది. అది ఏ ఆకారంలో ఇంటికొస్తుందో నేనే చూసుకుంటాను."

అఖిలా, ఆయనా, నేనూ వెళ్లాం. గోడౌనులో రెండు మిషన్లున్నాయి. ఒకటి తెల్లగా, అద్దాల తలుపులతో, లోపల దీపాలతో నగల కొట్టులా ఉంది. రెండోది రంగు ఊడిపోయి, మూల కూర్చున్న ఏనుగులా ఉంది. ఈశ్వరప్రసాద్ తెల్లదాంట్లో అల్యూమినియం ముక్క పెట్టి కోయించాడు. వెన్న తీసినట్టు వచ్చింది.

"ఇదే తీసుకోండి" అన్నాను. నా అరెకరానికి ఆ మాత్రం అందం ఉండాలనిపించింది.

మా ఆయన సంచిలోంచి తువ్వాలు మూట విప్పారు. అందులో ఇంటి దగ్గర్నుంచి మోసుకొచ్చిన ఉక్కు ముక్క. "అల్యూమినియం సంగతి అలా ఉంచండి. దీన్ని కోయించండి" అన్నారు. ఉక్కు తగిలేసరికి తెల్లది కీచుమంది. అద్దాలు గజగజలాడాయి.

"దీనికి వేగమే గానీ బరువు లేదమ్మా. ఉక్కు కోయాలంటే కదలకుండా నిలబడే ఒళ్లుండాలి" అంది అఖిల.

తర్వాత ఏనుగు వంతు. అఖిల గడియారం లాంటి గేజి పెట్టి, బల్ల ముందుకీ వెనక్కీ జరిపించి, ఎక్కడా వదులు లేదంది. టూల్సు మార్చే చెయ్యి మాత్రం నెమ్మదట. ధర మనకి అందేలా దిగింది అందుకేనట. నా మోకాళ్లూ నెమ్మదే, ఎవరైనా ఏమైనా తగ్గించారా?

ఏనుగు ఉక్కుని నములుతుంటే మా ఆయన స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నారు. మెల్లగా నవ్వారు. ఆ నవ్వు తాళి కట్టేటప్పుడు కూడా నేను చూడలేదు. కళ్లు తెరిచి, "జీవరత్నం, నువ్వెళ్లి ఆ గోడ అవతల కుర్చీలో కూర్చో" అన్నారు.

అదండీ సంగతి. అరెకరం ఇచ్చినదాన్ని నేను, గోడ అవతలికి. అది లోపల, ఆయన పక్కన. విసురుగా వెళ్లి కూర్చున్నాను. వీళ్ల మొహాలు చూడకూడదని కాసేపు కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి ఆయన నా పక్కనే, గోడకి స్క్రూడ్రైవర్ ఆనించి నిలబడి ఉన్నారు.

"లేచావా?"

"నేను పడుకోలేదు. మిషను ఎప్పుడు ఆపేశారు?"

"ఆపలేదే. అరగంట నుంచీ ఉక్కు కోస్తూనే ఉంది." అటు తిరిగి, "ఈశ్వరప్రసాద్‌గారూ, ఇది తీసుకుంటున్నామండీ" అన్నారు.

ఈశ్వరప్రసాద్ గుమ్మంలోంచి తల పెట్టాడు. "బతికించారండీ అమ్మగారూ. ఆ నాలుగూ మంచి మిషన్లేనండీ. 'గోడ అవతల మా ఆవిడ మంచం ఉంటుంది, రెండింటికి కునుకు తీస్తుంది' అని ఈయన అన్నీ వద్దనేశారు."

"లేతయితే ఆపొచ్చు" అన్నారు మా ఆయన, స్క్రూడ్రైవర్‌ని ఇస్త్రీ చొక్కాకి తుడుస్తూ. "ఇది మొదలుపెడితే గంటల తరబడి ఆపకూడదు. ఈ గోడా మన గోడలాగే తొమ్మిదంగుళాలుందని..."

"లేతు నా కోసం ఎవరు ఆపారు? అన్నాలకి ఆగుతుంది."

అఖిల నవ్వింది. "అన్నాలు పన్నెండున్నరకే అయిపోతాయమ్మా. రెండింటికి నాన్న మన గోడకి స్క్రూడ్రైవర్ పెట్టి వింటారు. నీ గురక మొదలైతే లేతు ఆపించేస్తారు, గురక ఆగాకే మళ్లీ వేస్తారు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అంతే."

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకిచ్చాను.

ఏనుగు ఇంటికొచ్చింది. పసుపూ కుంకుమా నేనే పెట్టాను, నా అరెకరం కదా. పొద్దున్నే ఆయన దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. గురక మాట మాత్రం నేను ఒప్పుకోను.

"గోడలోంచి మీరు విన్నది మన ఫ్యాను బేరింగు చప్పుడు" అన్నాను.

ఆ ఫ్యాను కొని నెల కాలేదు. ఆయన స్క్రూడ్రైవర్ గోడకి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు.

"అవునే, పోయింది. రేపే మార్పిస్తాను" అన్నారు.