పిచ్చమ్మ చెయ్యని ప్రమాణం

చిలకలూరిపేటకి ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్ళో శుక్రవారం భజన అంటే వెంకటేశ్వరమ్మే. అరవై మూడేళ్ళ మనిషి. వారమంతా మగ్గం దిగదు. శుక్రవారం మాత్రం సాయంత్రం నాలుగు కొట్టగానే పని ఆపేసి, తలస్నానం చేసి, చిడతలు చేతపట్టుకుని రామాలయానికి నడుస్తుంది. ఆమె ఒక చరణం అంటుంది. వెనక కూర్చున్న పన్నెండుమంది ఆడవాళ్ళూ అదే చరణం అందుకుంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస. మధ్యలో ఆమెకి దగ్గు వస్తే దగ్గు కూడా అందుకుంటారని మగవాళ్ళు నవ్వుతారు.

ఆ పన్నెండుమందిలో అందరికన్నా ముందు అందుకునేది ఆమె తోడికోడలు పిచ్చమ్మ. గొంతు పెద్దది. వేసవిలో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి వెళ్ళి, సాయంత్రం తుమ్ముకుంటూ వచ్చి కూర్చున్నా గొంతు మాత్రం తగ్గదు.

ఇద్దరికీ పాట దగ్గర ఉన్న పొత్తు నమ్మకం దగ్గర లేదు. వెంకటేశ్వరమ్మ పెళ్ళయిన కొత్తలోనే గురువుగారి దగ్గర మంత్రం తీసుకుంది. ఆ ఇంట్లోకి ఉల్లిపాయ కూడా రాదు. దేవుడి పేరు చెప్పి ప్రాణం తీయడం పాపమన్నది ఆమె ఎవరికోసమూ మార్చుకోని మాట. పిచ్చమ్మ కొలిచేది పోలేరమ్మని. కొడుకు సాయిగణేష్ మూడేళ్ళవాడిగా ఉన్నప్పుడు జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయి. "వీడు బతికున్నన్నాళ్ళూ ఏటా నీకు కోడిని ఇచ్చుకుంటానమ్మా" అని ఆ రాత్రి మొక్కుకుంది. సాయిగణేష్ ఇప్పుడు పేటలో స్పిన్నింగు మిల్లులో పనిచేస్తున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, చిన్న బొజ్జ కూడా వచ్చింది. ఏటా పోలేరమ్మకి ఊరు చేసే కొలుపుకి కోడి మాత్రం వెళుతూనే ఉంది.

కొలుపు అయ్యాక మూడు రోజులు వెంకటేశ్వరమ్మ పిచ్చమ్మ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదు.

"అలిగావా అక్కా?" అని గోడ మీంచి అడుగుతుంది పిచ్చమ్మ.

"అలక కాదు, నియమం."

"నాలుగో రోజు పొద్దున్నే నా కాఫీకి వస్తావుగా. అప్పుడా నియమాన్ని ఎక్కడ పెడతావు?"

"ఇంట్లో పెట్టి తాళం వేసి వస్తా. నీ దగ్గరికి తీసుకొస్తే దాన్నీ కోసి కూర వండేస్తావు."

మొన్న వేసవిలో గుంటూరు నుంచి త్యాగరాజు గారు వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఊరూరా ఉన్న భజన బృందాలని ఒక మండలిలో చేరుస్తున్నారు. చేరినవాళ్ళకి హార్మోనియం, మైకుసెట్టు ఇస్తారు. షరతు ఒక్కటే. బృందంలో ఉన్నవాళ్ళందరూ మాంసం ముట్టమని, బలి ఇవ్వమని రాముడి ఎదుట ప్రమాణం చేయాలి.

వెంకటేశ్వరమ్మ ఇన్నేళ్ళుగా చెబుతున్నది అదే. గుంటూరు నుంచి వచ్చిన చదువుకున్న పెద్దమనిషి నోటి వెంట తన మాటే విని ఆమె మొహం వెలిగిపోయింది. మరి పిచ్చమ్మ మొక్కో? పిచ్చమ్మే ముందుకొచ్చి ఆ చిక్కు విడదీసింది.

"నేను చెయ్యను. మీరంతా చేసుకోండి. నా పేరు తీసేయండి, ఆ చివర స్తంభం దగ్గర కూర్చుని వింటాను."

వెంకటేశ్వరమ్మ సరేనంది. అంత తొందరగా అన్నందుకు ఆ రాత్రి కాస్త ఇబ్బందిగానే అనిపించింది. అయినా ఊరుకుంది.

తర్వాతి శుక్రవారం త్యాగరాజు గారు ప్రమాణం రాసిన కాగితం ఆమె చేతికిచ్చి, "మీరు చదవండమ్మా. మిగతావాళ్ళు మనసులో అనుకుంటే చాలు" అన్నారు.

ఆమె చదివింది. కాగితమే అయినా రాముడి ఎదుట నిలబడేసరికి గొంతుకి రాగం వచ్చేసింది.

"నేటి నుంచి నేను మాంసం ముట్టను."

"నేటి నుంచి నేను మాంసం ముట్టనూ" అని గుడి మారుమోగింది. అన్నిటికన్నా పెద్దగా వినిపించిన గొంతు స్తంభం దగ్గర నుంచి వచ్చింది.

"ఏ దేవత పేరునా ప్రాణిని బలి ఇవ్వను."

మళ్ళీ మోగింది. మూడో వాక్యం సగంలో పిచ్చమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

త్యాగరాజు గారు పొంగిపోయారు. "స్తంభం దగ్గరున్న అమ్మగారు కూడా మనసు మార్చుకున్నారు, చూశారా!" అని ఆ పేరు కూడా పుస్తకంలో రాసుకుని వెళ్ళారు. బృందంలో అందరికన్నా చిన్నది హేమశ్రీ, ఊరి సచివాలయంలో ఉద్యోగి. తన ఫోన్లో తీసిన వీడియో చూపించింది.

"పిన్నీ, నువ్వే అందరికన్నా ముందు అన్నావు."

"నా నోరు పడిపోనూ! అక్క అంటే అనేశానే. ఏమంటుందో చూసుకోవద్దూ?" అని నెత్తి కొట్టుకుంది పిచ్చమ్మ.

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. పిచ్చమ్మ నవ్వలేదు. రాముడి ముందు అన్న మాట కాదంటే ఎట్లా? పోలేరమ్మకి ఇచ్చిన మాట తప్పితే కొడుకేమవుతాడు? కొలుపు ఇంకా పదహారు రోజులుంది.

మరుసటి శుక్రవారం హార్మోనియం, మైకుసెట్టు వచ్చాయి. పిచ్చమ్మ వచ్చి పెదవులు బిగించి కూర్చుంది.

"పాడవేమే?"

"నువ్వేమంటావో, నేనేం అనేస్తానో. నాకెందుకు అక్కా?"

మైకులో ఊరంతా వినపడిన భజన ఉప్పు లేని పప్పులా ఉంది. రెండు రోజులకి సాయిగణేష్‌కి ఎండదెబ్బకి ఒళ్ళు వెచ్చబడిందని కోడలు ఫోన్ చేస్తే, పిచ్చమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పేట ఆటో ఎక్కింది. సాయంత్రానికి వాడు లేచి మజ్జిగన్నం తిన్నాడు. కానీ ఆటో ఎక్కేటప్పుడు పిచ్చమ్మ మొహం వెంకటేశ్వరమ్మ చూసింది.

ఆ సాయంత్రం మగ్గం దగ్గర భర్త మార్కండేయులు నాడె విసరడం ఆపి అడిగాడు. "ముప్ఫై ఏళ్ళుగా నువ్వు కోరుకున్నదే కదా జరిగింది. మరి అట్లా ఉన్నావేం?"

"నేను కోరుకున్నది ఇట్లా కాదు" అని లేచి, గుంటూరుకి ఫోన్ చేసింది.

"త్యాగరాజు గారూ, మా పిచ్చమ్మ ప్రమాణం లెక్కలోకి రాదండి."

"చేసిన ప్రమాణం వెనక్కి తీసుకోకూడదమ్మా. మీకు తెలియనిదా?"

"చేస్తే కదండీ వెనక్కి తీసుకోవడానికి! అది అలవాటు. రేపు నేను రాముడి ముందు నిలబడి 'నా ఇల్లు ఊరికి రాసిచ్చేస్తున్నాను' అన్నా మావాళ్ళు పన్నెండుమందీ అదే అంటారు. రాయించుకుంటారా?"

అవతల నవ్వు వినపడింది. తర్వాత గొంతు సవరించుకున్నారు. "అయితే రూలు ప్రకారం ఆవిడ బృందంలో ఉండకూడదు."

"ఉంటుందండి. ముందు వరసలోనే ఉంటుంది. మీ మైకుసెట్టు, హార్మోనియం రేపటి బస్సులో వేయిస్తాను. హార్మోనియం ఏమీ అరగలేదు, మాలో ఎవరికీ వాయించడం రాదు."

"మీరు కూడా బలికి ఒప్పుకుంటున్నారా అమ్మా?" ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థంకాక అడిగారు.

"లేదండి. నా ప్రమాణం నాకుంది. నా నోటికి నేను పూచీ. ఆమె నోటికి ఆమె."

ఫోన్ పెట్టేసి గోడ అవతలికి వెళ్ళింది. అప్పటికే పేట నుంచి తిరిగొచ్చిన పిచ్చమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది.

"నీ మొక్కు నువ్వు తీర్చుకోవే. గుళ్ళో అన్నది నువ్వు చేసిన ప్రమాణం కాదు."

పిచ్చమ్మ చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. "నువ్వేనా ఈ మాట అంటున్నది? కోడిని కోస్తే పాపమన్నదానివి!"

"ఇప్పటికీ పాపమేనంటాను. చచ్చేదాకా అంటాను. నువ్వు విని మానుకుంటే సంతోషం. నీకు తెలియకుండా నీ నోట అనిపించి మాన్పిస్తే మాత్రం ఆ పాపం నాది."

"రాముడు ఒప్పుకుంటాడంటావా?"

"ఇన్నేళ్ళుగా ఆయన ఎదురుగా కూర్చుని పాడుతున్నావు. నీ సంగతి ఆయనకి నేను చెప్పాలా?"

పిచ్చమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మిరపకాయ ఘాటు."

"నువ్వు మిరపకాయల పనికి పోక పది రోజులైంది."

"అయితే చింతపండు ఘాటు. నీకెందుకు?"

కొలుపు బాగా జరిగింది. డప్పులు మోగుతుంటే వెంకటేశ్వరమ్మ వీధివైపు కిటికీ మూసుకుని విష్ణు సహస్రనామం చదువుకుంది. డప్పుల హోరులో రెండుసార్లు వరస తప్పి, పోలేరమ్మని నాలుగు తిట్టి, లెంపలేసుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ వచ్చిన శుక్రవారం మైకు లేదు. ముందు వరసలో పిచ్చమ్మ కూర్చుంది. వెంకటేశ్వరమ్మ మొదటి చరణం అంది. వెనక నుంచి ఏమీ రాలేదు. పిచ్చమ్మ తల ఒక పక్కకి వంచి, విన్న మాటని ఒకసారి నెమరేసుకుని, పరవాలేదన్నట్టు తల ఊపి, అప్పుడు అందుకుంది. ఆమె కోసం ఆగిన మిగతావాళ్ళు ఆమె వెంట అందుకున్నారు. తాళం మొత్తం చెడింది.

వెంకటేశ్వరమ్మ చిడతలు ఆపి వెనక్కి తిరిగింది. "ఏమే, ఆలోచించుకుని పాడుతున్నావా?"

"మరి! నీతో జాగ్రత్తగా ఉండాలి."

నవ్వులు తగ్గడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఆమె మళ్ళీ మొదటి చరణం ఎత్తుకుంది. ఈసారి చిడతలు గాల్లో పట్టుకుని ఆగింది, పిచ్చమ్మ తల ఊపేదాకా.