గుర్తు లేని గొర్రెపిల్లలు

మార్కాపురంలో డయాలసిస్ గది ముందు కూర్చున్నప్పుడల్లా నాకు మందుల వాసన కంటే ముందు గొంగడి వాసన తగులుతుంది. లోపల ఏసీ చలికి కాశయ్య వణుకుతాడని అతని భార్య లక్ష్మమ్మ వాళ్ళ మామ నాటి నల్లగొంగడి తెచ్చి కప్పుతుంది. దారిలో నాలుగు చినుకులు పడ్డాయంటే ఆ ఉన్ని లోంచి పచ్చిపాలు, పొయ్యి పొగ, గొర్రె చెమట అన్నీ కలిసిన వాసన ఒకటి లేచి నన్ను యాభై ఏళ్ళ వెనక్కి, త్రిపురాంతకం దగ్గరి మా ఊరి చేలల్లోకి తీసుకుపోతుంది.

కంది కోసి, జొన్న విరిచి, చేలన్నీ మోళ్ళతో మిగిలిన ఎండాకాలం మొదట్లో మా పొలంలో మంద దిగేది. రాత్రిళ్ళు గొర్రెలను చేలో పడుకోబెడితే నేలకు ఎరువు. అందుకు చేను గలవాళ్ళు కాపరులకు ధాన్యం కొలవాలి, మంద ఉన్నన్నాళ్ళూ తిండి పంపాలి. మా నాయనమ్మ, జేజి, జొన్న సంగటి ముద్దలు, చింతచిగురు పప్పు, ఉల్లిగడ్డలు గంపలో పెట్టి ఇస్తే, మోసుకుపోయేది నేను. ఉగాదినాడైతే నెయ్యి కారే భక్ష్యాలు కూడా ఉండేవి. దారిలో ఒకటి తగ్గేది. మంద కాపరి పోలయ్య కొడుకే కాశయ్య. నా ఈడువాడు, మొదటి రోజు నుంచే నాకు బావ. మార్కాపురం గనుల నుంచి ఎవరో తెచ్చి పడేసిన పలకరాయి ముక్కలతో తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. సాయంత్రం తల్లి గొర్రెలు మేత నుంచి తిరిగొచ్చే వేళకు గంపల కింద మూసిన పిల్లలను వదిలితే, ఏ పిల్ల ఏ తల్లి కిందికి దూరుతుందో ముందే చెప్పే పందెం ఉండేది. నేను ఒంటి మీది ఎర్రటి జేగురు గుర్తు చూసి చెప్పి ఓడిపోయేవాణ్ణి. కాశయ్య ముఖాలు చూసి చెప్పేవాడు. గొర్రెకు ముఖం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మా తాత, జేజినాయన, మంద చూడటానికి ఉదయం పూట వచ్చేవాడు. ఇస్త్రీ పంచె, వెండి పొన్ను కర్ర. ఒకరి ముందు చెయ్యి చాపడం ఆయనకు ఎంత గిట్టదంటే, తాంబూలం కూడా పళ్ళెంలో పెట్టి ముందుంచితేనే తీసుకునేవాడు. ఆ నడుము బిర్రు నాకూ వచ్చిందని అంటారు. ఆస్తిలో మాత్రం అదీ, ఒక అరెకరం చేనూ మిగిలాయి.

ఒక ఏడు మా చేలో ఉండగానే పోలయ్య మందకు మూతివాపు రోగం తగిలింది. వారం రోజుల్లో మంద మంద పోయింది. గొర్రెలను పూడ్చిన గుంత పక్కన కాశయ్య ఖాళీ గంపలు బోర్లిస్తూ కూర్చున్నాడు. ఆ పూట మేం ఏ ఆటా ఆడలేదు. నాలుగు రోజులు పోయాక ఒక తెల్లవారుజామున పోలయ్య దొడ్డిలో మూడు ఆడ గొర్రెపిల్లలు కనిపించాయి. మర్నాడు రెండు. ఆ పై వారం మళ్ళీ నాలుగు. ఎవరి మందదో చెప్పే జేగురు గుర్తు ఒక్కదానికీ లేదు. ఎవరిచ్చారని నేను అడిగితే పోలయ్య నవ్వాడు.

“తెలిసిందనుకో, వాళ్ళ ముందర తల వంచాల. తెలియకపోతే అందరి ముందరా తలెత్తుకొని తిరగొచ్చు, అల్లుడా.”

చుట్టుపక్కల మందలవాళ్ళ పద్ధతట అది. ఒకరి మంద పోతే తలా ఒక పిల్లను గుర్తు వేయకముందే తెచ్చి, తెల్లారేలోగా దొడ్డిలో వదిలి, మాట్లాడకుండా పోతారు. తీసుకున్నవాడు ఆరా తీయడు. ఇచ్చినవాడు చెప్పుకోడు.

ఈ సంగతి నేనే ఇంట్లో చెప్పాను. జేజినాయన మనసున్నవాడు. సంతలో రెండు మంచి గొర్రెలు కొని, కొమ్ములకు పసుపు పూయించి, పట్టపగలు పాలేరు చేత తోలించాడు. ఊరంతా చూసింది. పోలయ్య వాటిని నీడన కట్టి, నీళ్ళు తాపి, సాయంత్రానికి తానే మా వాకిట్లోకి తోలుకొచ్చాడు.

“గొర్రెలు మంచియ్యే పెద్దాయనా. కానీ వీటెంట మీ పేరు గూడా వచ్చింది. దాన్ని మేపడం నా వల్ల గాదు.”

జేజినాయన కర్ర నేలకు ఆనించి లోపలికి వెళ్ళిపోయాడు. మరుసటేడు నుంచి మా చేలో మంద దిగనీయలేదు. అప్పటి నుంచే మా నేల చచ్చుబడిందని జేజి అంటుండేది. అసలు కారణాలు వేరే: కోర్టు వాయిదాలు, ఎండిన బోర్లు, ఎవరి మాటా వినని మా మగవాళ్ళు.

కాశయ్యకు రెండు మూత్రపిండాలూ దెబ్బతిన్నాయని నిరుడు తెలిసింది. వారానికి మూడుసార్లు యంత్రం మీద పడుకోవాలి. దాని ఖర్చు సర్కారు కార్డు మీద పోతుంది గానీ సూదులు, పరీక్షలు, కారు బాడుగ చేతి నుంచే పెట్టుకోవాలి. పోయినప్పుడల్లా ఒక గొర్రె అమ్మాడు. దొడ్డి పలచబడేకొద్దీ మూడుసార్లు రెండయింది, రెండు ఒకటయింది. ఇట్లాగే ఎగ్గొడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషి దక్కడని డాక్టరు నాతోనే చెప్పాడు.

రాళ్ళబావి దగ్గర నాకు మిగిలిన అరెకరం అమ్మాను. డబ్బు కవరులో పెట్టుకొని వెళ్ళి, లక్ష్మమ్మ ముందు, పక్క మంచాలవాళ్ళ ముందు కాశయ్య చేతిలో పెట్టాను. అతను విప్పి చూడలేదు. నా జేబులోనే తిరిగి దోపాడు.

“ఇది తీసుకుంటే రేపటి నుంచి నిన్ను బావా అని పిలవడానికి నోరు రాదు. పెట్టుకో.”

కోపంతో బస్సెక్కాను. ఇల్లు చేరేలోగా జేజినాయన కొమ్ములకు పూయించిన పసుపు గుర్తుకొచ్చింది. సిగ్గేసింది.

మా ఇంట్లో ఎవరూ చేయని పని మర్నాడు మొదలుపెట్టాను. పుల్లలచెరువు వైపు, బేస్తవారిపేట వైపు మందలున్న ఊళ్ళు వెతుక్కుంటూ పోయి దొడ్ల ముందు నిలబడ్డాను. మొదటి చోట వచ్చిన పని చెప్పకుండా, దారి అడిగినట్టు అడిగి తిరిగొచ్చాను. బేస్తవారిపేట అవతల ఒక ముసలాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

“మీ జేజినాయన ముందర మేం చెప్పులిడిసి నిలబడేవాళ్ళం. నువ్వేంది, మా దొడ్డి కాడికి వచ్చి నిలబడినావు? కూచో నాయనా. చెప్పులు ఇడవొద్దులే, పేడుంది.”

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నేను కూర్చున్నాను. కాశయ్య సంగతి చెప్పి, పాత పద్ధతి ఇంకా ఉందా అని అడిగాను. ఆయన ఉందనలేదు, లేదనలేదు. ఒక్కమాట అడిగాడు:

“కాశయ్య దొడ్డి వాకిలి యా పక్క?”

పది రోజుల తర్వాత తెల్లవారి లేచేసరికి దొడ్డిలో రెండు పొట్టేళ్ళున్నాయని లక్ష్మమ్మ చెప్పింది. తర్వాత గొర్రెలొచ్చాయి, పిల్లలొచ్చాయి. పెద్దవాటి జేగురు కడిగేసి ఉంది, పిల్లలకు అసలు గుర్తే లేదు. పెద్దవాటిని ఆమె సంతకు తోలుతోంది, పిల్లలను పెంచుతోంది. కాశయ్య మళ్ళీ వారానికి మూడుసార్లు వస్తున్నాడు. ఎవరి దొడ్ల నుంచి వచ్చాయో నాకు కొంత తెలుసు, రాయను. కాశయ్య, లక్ష్మమ్మ అన్నవి కూడా వాళ్ళ అసలు పేర్లు కావు.

వాటిలో ఒక పిల్ల నాది. సంతలో కొని, దాచి, తెల్లారకముందే వదిలాను. పసుపు పూయలేదు.

ఇప్పుడు మా పాత చేలో జామాయిల్ తోట ఉంది. చుట్టూ ముళ్ళకంచె. మంద దిగడానికి చోటు లేదు, దిగమని పిలిచే రైతూ లేడు. ఎరువు బస్తాల్లో వస్తుంది. గొంగళ్ళు నేసేవాళ్ళ మగ్గాలు మూలపడి చాలా ఏళ్ళయింది. ఎండాకాలం సాయంత్రం వందల పిల్లలు ఒక్కసారి తల్లుల కోసం అరిచే ఆ చప్పుడు ఎట్లా ఉండేదో మా మనవళ్ళకు చెప్పబోయి ఊరుకుంటాను.

నిన్న సూది గుచ్చిన చెయ్యి కదపకుండా, నా వైపు చూడకుండా కాశయ్య అన్నాడు.

“ఒక పిల్ల మెడకు తాడు ఒరుసుకున్న మచ్చుంది బావా. దొడ్లో పుట్టినదానికి అది ఉండదు. సంతలో కొన్నారు. ఎవురో గొర్రెలు లేనోడు.”

నేను యంత్రం గొట్టంలో తిరుగుతున్న రక్తాన్ని చూస్తూ కూర్చున్నాను.

“ఎవురో తెలిస్తే తిప్పి పంపాల్సిందే,” అన్నాడు. గొంగడి గడ్డం దాకా లాక్కున్నాడు. “తెలియలేదు.”