బాపు పీకించుకోని పన్ను

నా ఇంటర్ రోజులవి. నారాయణపేటలో చీరలు నేసే మా బాపుకు జ్వరం వారాలైనా తగ్గలేదు. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ గుండె చప్పుడు రెండోసారి విని, “ఈమధ్య పన్నేమన్న పీకించుకున్నరా?” అంది.

“లేదమ్మా” అన్నాడు బాపు.

ఆమె మందులు రాస్తుండగా బాపు ఆవలించాడు. దవడ పన్నొకటి లేదు. 

“బాపూ, గా పన్నేడబోయింది?”

“గా పన్నా? పీకించుకోలె బిడ్డా, నేనే పీక్కున్న. పట్టుపోగు కట్టి, కొస మగ్గం కాలిపలకకు ముడేసి తొక్కిన.”

డాక్టరమ్మ దిగ్గున లేచింది. నోట్లో మామూలుగా హాని చేయని క్రిములే ఆ గాయంలోంచి రక్తంలోకి దిగి, గుండె కవాటం మీద పాతుకుపోయాయట. రక్తపరీక్షలో అదే తేలింది. వారాల తరబడి సూదిమందులిచ్చి బతికించారు.

ఆ ఆవలింతే రాకపోయి ఉంటే? ఇప్పటికీ తలచుకుంటాను. బాపు మాత్రం, “గామె సక్కగ అడగలె” అంటాడు.