పదకొండు నుంచి పన్నెండు, నా వంతు

సహోదరులారా, సహోదరీలారా, ఇప్పుడు మీరు చదవబోయేది మామూలు సాక్ష్యం కాదు, ఇందులో ఉరుములున్నాయి, మెరుపులున్నాయి, చీకటి లోయలో దారి తప్పిన ఒక యువకుణ్ణి ఆకాశం నుంచి దిగిన బలమైన చెయ్యి పట్టి పైకి లాగిన వైనం ఉంది, రుమాలు దగ్గర పెట్టుకొని చదవండి! అని రాసి మన సంఘం పాస్టరు అయ్యగారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, "ఉరుములు యాడున్నయ్ రా?" అన్నారు.

లేవు. ఆ రోజు మబ్బు కూడా లేదు. ఉన్నవి ఒక చాప, ఒక బిస్కెట్ల డబ్బా, ఆలస్యంగా వచ్చిన ఒక ఆటో. రుమాలు లోపల పెట్టేయండి.

నా పేరు ప్రభాకర్. తాండూరులో బండలు పాలిష్ పట్టే యూనిట్‌లో పని చేస్తాను. యువకుల కూటాల్లో అందరినీ నవ్వించేవాడిగా నేను మీలో చాలామందికి తెలుసు, నవ్వనివారికి ఇంకా బాగా తెలుసు. సాక్ష్యం అన్నాక ఒక చీకటి కాలం ఉండాలి, ఆ చీకటికి ఒక కారణం ఉండాలి కదా. నాకు చీకటి ఉంది గానీ కారణం దొరకలేదు. తాగను. పేకాట రాదు. ప్రేమించిన అమ్మాయి లేదు, కాబట్టి నన్ను వదిలేసి వెళ్లే అవకాశం కూడా ఎవరికీ దొరకలేదు. అయినా పోయిన ఎండాకాలం నుంచి నిద్ర పోయింది, ఆకలి పోయింది, అమ్మ వండిన కోడికూర పాలిష్ మిషన్ కింద కారే తెల్లనీళ్లలా అనిపించసాగింది, పొద్దున లేచి చొక్కా గుండీలు పెట్టుకోవడమే ఒక రోజు పనిలా ఉండేది. చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన మొదట చుట్టపుచూపుగా వచ్చింది, తర్వాత అద్దెకు దిగింది, చివరికి ఇల్లు తనదే అన్నట్టు నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది.

ఎవరికీ చెప్పలేదా అంటే చెప్పాను, కానీ జోకులాగా చెప్పాను! నా పక్క మిషన్ మీద జహంగీర్ భాయ్ పని చేస్తాడు. ఒకరోజు అతనితో, "భాయ్, సచ్చిపోవాలనిపిస్తుంది" అన్నాను. "పైలే గీ బండ దించు, సావు సంగతి మల్ల జూద్దాం" అన్నాడు. ఇద్దరం నవ్వాం. అతని తప్పేమీ లేదు. నేను ఏడ్చినా జోకేననుకునేంత పేరు తెచ్చుకున్నాను మరి.

ఇక ఆ శుక్రవారం సంగతి. ఆ రోజుతో ముగించుకుందామని నిర్ణయించుకున్నాను. ఎక్కడ, ఎలా అన్నవి రాయను, అవి సాక్ష్యంలో భాగం కావు. ఒక్కటే అడ్డం. మన సంఘంలో నెలకో శుక్రవారం గొలుసు ప్రార్థన ఉంటుందని మీకు తెలుసు. కొత్తగా చదివేవారి కోసం చెబుతున్నాను: పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా మందిరం వెనక గదిలో చాప మీద ఎవరో ఒకరు కూర్చొని ప్రార్థన చేస్తూనే ఉండాలి, ఎవరికి ఏ గంటో గోడ మీద కాగితంలో రాసి ఉంటుంది, తర్వాతివారు వచ్చి కూర్చునేదాకా ముందున్నవారు లేవకూడదు. ఆ కాగితంలో పదకొండు నుంచి పన్నెండు నా పేరు ఉంది. వంతు ఎగ్గొట్టినవారి పేర్లు అయ్యగారు ఆదివారం మైకులో చదువుతారు. నేను ఉండని ఆదివారం గురించి కూడా నాకు పరువు ఫికరు పట్టుకుంది. సరే, పన్నెండింటి దాకా కూర్చొని, అప్పగించి పోదామనుకున్నాను.

నా సొంత ప్రార్థన నాలుగు నిమిషాల్లో అయిపోయింది. "ప్రభువా, నన్ను క్షమించు, అమ్మను చూసుకో, ఆమేన్." ఇంకా యాభై ఆరు నిమిషాలున్నాయి. అందుకే బిస్కెట్ల డబ్బా తెరిచాను. విశ్వాసులు తమ అవసరాలు చీటీల మీద పేరు లేకుండా రాసి అందులో వేస్తారు, చాప మీద ఉన్నవారు ఒక్కొక్కటి తీసి ప్రార్థించాలి. మా బోరులో నీళ్లు పడాలి. మా అల్లుడికి బుద్ధి రావాలి. మా అత్తకు బుద్ధి రావాలి. ఈ రెండూ ఒకే ఇంటివని చేతిరాతను బట్టి నా అనుమానం. ఇద్దరికీ కలిపి ప్రార్థించాను.

పన్నెండయింది. ఎస్తేరమ్మ రాలేదు. పెద్దేముల్ నుంచి వచ్చే ముసలమ్మ ఆమె. అంత దూరం నుంచి ఒక్క గంట కోసం ఎందుకని, పన్నెండు నుంచి మూడు దాకా మూడు గంటలూ తనే రాయించుకుంది. ఒంటిగంటయింది. రాలేదు. చూడండి సహోదరులారా, ప్రాణమే వద్దనుకున్న మనిషి, చాప ఖాళీ చేయడానికి భయపడి కూర్చున్నాడు! మనిషి బుర్ర ఇంతే. ఒంటిగంటన్నరకు అయ్యగారి ఇంట్లోంచి చేపల పులుసు వాసన వచ్చింది, కొన్ని నెలల తర్వాత మొదటిసారి నాకు ఆకలేసింది, ఆకలితో పాటు ఎస్తేరమ్మ మీద కోపం వచ్చింది, ఆ కోపంలో డబ్బా మొత్తం చాప మీద బోర్లించి నా కోసం ఎవరైనా చీటీ రాశారేమోనని వెతికాను. బర్రెలకు ఉన్నాయి, బోర్లకు ఉన్నాయి, ఎవరిదో మోటారు సైకిల్‌కు కూడా ఉంది. నాకు లేదు.

అప్పుడు చీటీలన్నీ తిరిగి డబ్బాలో సర్ది, నేనే ఒకటి రాసి పైన వేసి మూత పెట్టాను.

రెండున్నరకు ఎస్తేరమ్మ వచ్చింది, చేతిలో సద్దిమూట, ముఖం నిండా చెమట.

"ఏం నాయనా, ఇంకా గీడనే ఉన్నవా?"

"పన్నెండింటికి రావాలె గదా అవ్వా!"

"ఆటో నిండొద్దా? నేనొక్కదాన్ని పది మందినైతనా?"

ఆమె చాప మీద కూర్చుంది. నేను లేచాను. నా వంతు అయిపోయింది. చెప్పులు తొడుక్కుంటుంటే వెనక నుంచి పిలిచింది.

"ఓ పబాకరూ, ఆగు. అద్దాలు ఇంటికాడనే మరిచిన. గీ చీటీ జర చదివి పో."

ఆమె చేతిలో ఉన్నది నా చీటీ. ఇది అద్భుతం కాదు, అది అన్నిటికన్నా పైన ఉంది. తీసుకున్నాను. నోటికొచ్చింది చెప్పేశాను.

"ఎవరిదో బర్రె తప్పిపోయిందట అవ్వా."

"అయ్యో! ఏ ఊరోళ్లది?"

"బంట్వారం."

"పాలిచ్చేదా, సూడిదా?"

"సూడిది." కడుపుతో ఉన్నదని ఎందుకన్నానో నాకే తెలియదు.

ఆమె కొంగు తల మీదికి లాక్కొని, రెండు చేతులు ఎత్తింది. "ప్రభువా, గా మూగజీవి యాడ తిరుగుతుందో, ఏ ముండ్లల్ల చిక్కిందో, నోరు లేనిదాయె తండ్రీ, నాకు గిట్లయితుందని ఎవలకు చెప్పుకుంటది, తొవ్వ తెలుస్తలేదు, దప్పికయితుందేమో, ఎవలన్న ఒకరు దాన్ని జూసి ఇంటికి తోల్కొచ్చేటట్టు చెయ్యి నాయనా, ఇంట్ల దాని కోసం ఎదురుజూస్తుండ్రు ప్రభువా..."

ఆమె ఎంతసేపటికీ ఆపలేదు. లేని బర్రె కోసం ఒక ముసలమ్మ కన్నీళ్లతో ప్రార్థిస్తుంటే నేను గుమ్మంలో, ఒక కాలికి చెప్పుతో, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఒక కన్ను తెరిచి చూసింది.

"బర్రె నీదా ఏంది, గట్ల ఏడుస్తున్నవ్?"

"బర్రె లేదవ్వా. గది నా చీటీ."

"ఏమున్నది అండ్ల?"

చదివాను. "'ఒకడికి చచ్చిపోవాలని ఉంది. ఎవరైనా అతని కోసం ప్రార్థన చేయండి.' ఆ ఒకడు నేనే."

ఆమె అరవలేదు, గుండెలు బాదుకోలేదు, పాపం అని వాక్యం చెప్పలేదు. నా మణికట్టు పట్టుకుంది.

"ఎప్పుడనుకున్నవ్?"

"ఇయ్యాలనే. నా గంట కాంగనే."

"మరి పోలేదేంది?"

"నువ్వు రాలే."

ఆమె సద్దిమూట విప్పి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం నా ముందు పెట్టింది. నేను తింటుంటే చెప్పింది: "మా ఆయన పోయినంక నాకు గూడ గిట్లనే ఉండె. పొద్దుగాల మ్యాకలు అరుస్తుండె. ఇయ్యాలటికి వీట్ని మేతకు తోల్కపోయొస్త, సావుడు రేపు జూద్దాం అనుకునేదాన్ని. రేపు రేపు అనుకుంట పందొమ్మిదేండ్లాయె."

"దేవుడు నీతోని ఏమన్న మాట్లాడిండా అవ్వా?"

"దేవుడేం మాట్లాడలే. మ్యాకలే అరిచినయ్." ఇంకో రొట్టె ముక్క నా ముందుకు జరిపి, "వాట్ని అరిపిచ్చిందెవరు మరి? తిను. తిని జరసేపు పండు. చాప మీద నేనున్న" అంది.

ఆ చాప అంచున నేను పడుకున్నాను. నిద్రపోయాను కూడా! లేచేసరికి ఆమె చెయ్యి ఇంకా నా మణికట్టు మీదే ఉంది, గాజుల అచ్చులు పడ్డాయి, ఎదురుగా అయ్యగారు కూర్చొని ఉన్నారు. ఆమె కిటికీలోంచి కేకేసి ఆయన్ని పిలిపించిందట. ఆయన ప్రసంగం చేస్తారని భయపడ్డాను. చెయ్యలేదు. గోడ మీది కాగితం తీసి వెనక్కి తిప్పి, పైన నా పేరు రాసి, కింద గంటలు గీశారు. ఆ రోజు నుంచి పది రోజులు నా పక్కన ఎవరో ఒకరు, వంతులవారీగా. తర్వాతివారు వచ్చేదాకా ముందున్నవారు లేవకూడదు. ఒంటరిగా స్నానానికి పోవడం కూడా ఉపన్యాసం ఇచ్చి సంపాదించుకోవాల్సి వచ్చింది. అమ్మకు అయ్యగారే చెప్పారు. ఆమె రెండు చేతులతో నా వీపు మీద నాలుగు దెబ్బలు కొట్టి, అదే చేతులతో టీ పెట్టి ఇచ్చింది.

మూడో రోజు జహంగీర్ భాయ్ వచ్చాడు. "బండ దించుమన్ననాడు నువ్వు నిజంగనే అన్నవా?" అని అడిగాడు. అవునన్నాను. తర్వాత అయ్యగారితో, "పాస్టర్ సాబ్, నా పేరు గూడ రాయుండ్రి. నమాజు నా తీరుగ నేను జేసుకుంట, కూసునుడైతే కూసుంట" అన్నాడు. రోజూ పని దిగగానే వచ్చి, మిరపకాయ బజ్జీలు పెట్టి, సగం తనే తిన్నాడు.

అయ్యగారు నన్ను రైలెక్కించి వికారాబాద్‌లో మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. నాకు కారణమేమీ లేదని సిగ్గుపడుతూ చెప్పాను. కారణం లేకపోయినా జబ్బు జబ్బే అన్నాడాయన. ఆ మాటకు నేను పొందినంత ఆదరణ కొన్ని ప్రసంగాల్లో కూడా పొందలేదు, అయ్యగారు క్షమించాలి. మాత్రలు మొదటి రెండు వారాలు నోరు ఎండబెట్టడం తప్ప ఏమీ చెయ్యలేదు, తర్వాత మెల్లగా నిద్ర వచ్చింది, కూర కూరలా అనిపించింది. మాత్రలు మింగడం అవిశ్వాసం కాదా అని మన సంఘంలో ఒక అక్క అడిగింది. అయ్యగారు, "నీ బీపీ గోలీ పొద్దున ఏసుకున్నవా అక్కా?" అన్నారు. "ఏసుకున్న." "మరింకేంది?"

పూర్తిగా పోయిందా అంటే, లేదు. ఆ ఆలోచన ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. వస్తే ఇప్పుడు జోకు చెయ్యను, ఉన్నదున్నట్టు ఒకరికి చెబుతాను, వారు వచ్చి కూర్చునేదాకా లేవను. నాకు తెలిసిన విడుదల ఇదే, ఇది నాకిచ్చిన దేవునికే మహిమ, వెక్కిరింపు లేకుండా, మనస్ఫూర్తిగా రాస్తున్నాను. ఇది చదువుతున్న మీలో ఎవరికైనా అలా ఉంటే, కారణం వెతుక్కుంటూ కూర్చోకండి, పెద్ద నమ్మకం వచ్చేదాకా ఆగకండి, ఈ గంట వరకు దేవుణ్ణి నమ్మండి, చీటీ రాయండి, రాసి డబ్బాలో వెయ్యకుండా ఒక మనిషికి పైకి చదివి వినిపించండి, డాక్టరు దగ్గరికి పోండి. బర్రె అని మాత్రం చెప్పకండి, ఎస్తేరమ్మ ఇప్పటికీ బంట్వారం వాళ్లు కనిపిస్తే దొరికిందా అని అడుగుతోంది.

ఆ రోజు ఎస్తేరమ్మను రెండున్నర గంటలు ఆపింది దేవుడేనని అయ్యగారు అంటారు. నేనూ నమ్ముతాను. అయినా ఒకసారి రూఢి చేసుకుందామని పెద్దేముల్ పోయి ఆ ఆటో డ్రైవరునే అడిగాను. ఆ రోజు చివరిదాకా తొమ్మిది మందే వచ్చారట, అయినా ఎందుకో బండి తీశాడట. పెద్దేముల్ ఆటో పది మంది ఎక్కితే గాని కదలదు.