ఇంజనుకు కుట్టిన బొంత

మొన్న సత్తెనపల్లిలో టార్పాలిన్ పట్టాలు అమ్మే కొట్టు ముందు నిలబడ్డాను. కొట్టువాడు కొత్త పట్టా మడత విప్పగానే మైనం వాసన గుప్పుమంది. ముసలితనంలో వాసనలు తీయని సంగతులు గుర్తుచేస్తాయంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అది రాహేలక్క వాసన. ఆమెను తలచుకుంటే ఆమెకు జరిగిందే గుర్తొస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు.

రాహేలక్క నరసరావుపేటలో మా వీధిలోనే ఉండేది. భర్త పోయాక కుట్టుమిషను మీద బతికింది. లారీల పట్టాలకు మాసికలు వేయడం, క్యాబిను తలుపులకు గుడ్డ తెరలు కుట్టడం ఆమె పని. పట్టా చిరిగిపోయినా ఆమె వేసిన కుట్టు ఊడేది కాదు. నేనప్పుడు ఒక షావుకారు దగ్గర లారీ డ్రైవరును. సాగర్ డ్యాము కడుతున్న రోజులు. పత్తి బేళ్ళు వేసుకుని కాన్పూరు దాకా పోయేవాళ్ళం.

చలికాలం ముందు లారీని సిద్ధం చేయడమంటే పెళ్ళిపనులంత హడావుడి. కొత్త బ్యాటరీ వేయాలి, పల్చటి ఇంజనాయిలు పోయాలి, మంచులో దారి కనబడటానికి లైట్లకు పసుపు కాగితం అంటించాలి. అన్నిటికంటే ముఖ్యం రేడియేటరు ముందు కట్టే దూది బొంత. అది లేకపోతే ఉత్తరాది చలికి పొద్దున్నే ఇంజను కదలదు. షావుకారు దగ్గరుండి అన్నీ చేయించేవాడు. బొంతకు మేలురకం దూది పంపేవాడు. అద్దాలు లేని ఆ క్యాబినులో కూర్చుని బండి తోలే ఇద్దరు మనుషులకు మాత్రం నూలు చొక్కాలే గతి.

ఆ యేడు బొంత కొలతలు చెప్పడానికి నేనే వెళ్ళాను. అక్క తలెత్తకుండానే అడిగింది.

“ఒరే కోటయ్యా, నిరుడు సుందరం ఎట్టా పోయాడో నిజం చెప్పు. తాగి పోయాడని షావుకారు అంటన్నాడు.”

సుందరం మా లారీకి రెండో డ్రైవరు. చుక్క ముట్టనివాడు. వాళ్ళమ్మ అక్క ఇంటి పక్కనే ఉండేది. ఝాన్సీ దాటాక ఒక పొద్దున మంచులో బండి ఆపాం. సుందరం దగ్గుతూ, వణుకుతూ, “అన్నా, ఆ బొంత విప్పియ్యవా, కాసేపు కప్పుకుంటా” అన్నాడు. నేనే వద్దన్నాను. ఇంజను మొరాయిస్తే షావుకారు నా ఉద్యోగం పీకేస్తాడని భయం. ఒక గోనెసంచి కప్పాను. నెమ్ము చేసి, ఇల్లు చేరిన నాలుగో రోజు పోయాడు. ఇదంతా అక్కకు చెప్పాను.

ఆమె సూది పక్కన పెట్టేసింది. “కొలతలు చెప్పమాక. నేను కుట్టను.”

మర్నాడు షావుకారే వచ్చాడు. “ఏందే రాహేలూ, బండి బయల్దేరాల. బొంతేది?”

“కోటయ్యకీ, సుందరం బదులొచ్చిన కుర్రోడికీ ఉన్నికోట్లు తెప్పియ్యండి. నా కళ్ళ ముందర తొడుక్కుంటేనే బొంత కుడతా. సుందరం తాగి పోలేదని వాళ్ళమ్మ ముందర ఒప్పుకోండి.”

“చలికి చచ్చేవాడు డ్రైవరెందుకయ్యాడే?”

నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

షావుకారు వేరే దర్జీల దగ్గరికి మనిషిని పంపాడు. అక్క అప్పటికే వాళ్ళందరితో మాట్లాడింది. ఒక్కరూ ఒప్పుకోలేదు. బేళ్ళు ఎక్కించిన లారీ మూడు రోజులు కదల్లేదు. నాలుగో రోజు నల్ల ఉన్నికోట్లు రెండు వచ్చాయి. సుందరం గురించి మాత్రం షావుకారు ఒక్క ముక్క అనలేదు. అక్క నాకు కోటు గుండీలు తనే పెట్టి, “బతికి రారా” అంది. సాయంత్రానికి బొంత కుట్టి ఇచ్చింది.

మేం తిరిగొచ్చేసరికి ఆమెకు పని లేదు. ఆమె చేత కుట్టించుకునే ఏ బండికీ సరుకు దొరకదని షావుకారు ఊరంతా చెప్పించాడు. అక్క మిషను ఎత్తుకుని క్రోసూరులో తమ్ముడింటికి పోయింది.

ఆ ఎండాకాలం లారీ యజమానుల మీటింగులో షావుకారుకు దండ వేశారు. డ్రైవర్లకు కోట్లిచ్చిన ధర్మాత్ముడట! పల్నాటి ఎండలో నన్ను ఉన్నికోటు తొడుక్కుని వేదిక మీద నిలబడమన్నారు. చెమటలు కారుతుంటే నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొట్టారు. మైకు నా ముందే ఉంది. అయినా పలకలేదు.

సిగ్గు భరించలేక క్రోసూరు వెళ్ళి అక్క ముందు ఏడ్చాను. ఆమె రవికె కుడుతోంది. మిషను ఆపలేదు.

“నాకు చెప్తే ఏం లాభంరా? సుందరం వాళ్ళమ్మకు చెప్పావా?”

ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పాను. సుందరం తాగలేదని చెప్పాను. బొంత అడిగితే నేను ఇవ్వలేదనీ చెప్పాను. ముసలమ్మ చేతిలో చేట కింద పెట్టింది.

“నా కొడుకు తాగడని నాకు తెలవదా నాయనా? ఒక్కడన్నా పైకి అంటాడేమోనని చూస్తన్నా.”

మర్నాడు షెడ్డులో డ్రైవర్లందరి ముందూ సుందరం తాగి పోలేదని షావుకారు మొహానే అన్నాను. లారీ తాళాలు లాక్కున్నాడు. లాక్కోనీ. అప్పటినుంచి పోయినవాడి మీద ఎవడైనా నింద వేస్తే నేను ఊరుకోను. ఈ వయసులో ఊళ్ళో గొడవలన్నీ నీకెందుకని మా కోడలు విసుక్కుంటుంది. విసుక్కోనీ.